తరవాణి కుండ నుంచి కుక్కరు దాకా: గోదావరి సీమలో ఒంటిమనిషి వంట

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు సర్వీసు అనుభవాలు వ్రాస్తానని ఒప్పుకున్నాను. తీరా కాగితం ముందు కూర్చుంటే, ముప్పై ఆరేళ్లలో నేను నడిపిన ఫైళ్లకంటె నేను కాచుకున్న చారు గురించి చెప్పడానికే ఎక్కువ ఉన్నట్టు తోచింది. మన సమావేశాల్లో డి.ఎ. బకాయిల మాట అయిపోగానే వినబడే ప్రశ్న "ఇవాళ వంటేం చేసుకున్నారు?" అన్నదే కదా. భార్య పోయినవారు, భర్త పోయినవారు, పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండగా ఇక్కడ ఒక్కరే తాళం తీసుకుని తాళం వేసుకునేవారు మనలో తక్కువమంది కాదు. 2019 నుంచి నేనూ ఆ జాబితాలోనివాడినే.

అందుచేత, ఈ గోదావరి డెల్టాలో ఒక్క ప్రాణి తక్కువ ఖర్చులో ఎలా వండుకుని తిన్నదీ, నేను కళ్లారా చూసినంత, గౌతమీ గ్రంథాలయంలోనూ ఇతరచోట్లా చదివి తెలుసుకున్నంత వ్రాస్తున్నాను. ఇది వంటల పుస్తకం కాదు గనుక కొలతలు అడగవద్దని సోదరీమణులకు మనవి.

మాది కోనసీమలో ఒక చిన్న ఊరు. మా నాయనమ్మ చెల్లెలు, మేమందరం చిన్నమామ్మ అనేవాళ్లం, పదహారో ఏట భర్తను పోగొట్టుకుని వచ్చి మా దొడ్లో ఒంటినిట్రాడి పాకలో ఉండేది. నాకు ఊహ తెలిసేసరికి, అంటే 1955 ప్రాంతంలో, ఆవిడకు అరవై దాటాయి. ఏడాదికి నాలుగు బస్తాల ధాన్యం, దొడ్లో రెండు కొబ్బరిచెట్ల కాపు, ఇవే ఆవిడ ఆదాయం. మా ఇంట్లో తినమంటే తినేది కాదు. "నా కుండ నాకుంది" అనేది.

ఆ కుండే తరవాణి కుండ. ఈ కాలం పిల్లలకు తెలియకపోవచ్చు గనుక చెబుతున్నాను. అన్నం వార్చిన గంజి, బియ్యం కడిగిన రెండో నీళ్లు, కాస్త ఉప్పు, రెండు దబ్బాకులు ఒక మట్టికుండలో పోసి మూల పెడితే పులుస్తుంది. రోజూ కొంత వాడుకుంటారు, రోజూ కొంత పోస్తూ ఉంటారు. కుండ ఎన్నడూ ఖాళీ కాదు. మధ్యాహ్నం ఒక్కపూటే పొయ్యి వెలిగించి అన్నం వండుకునేది. అందులో సగం అప్పుడు తిని, మిగతాది ఆ పుల్లనీళ్లలో వేసి ఉంచేది. మర్నాడు పొద్దున్నే అందులోనే పచ్చిమిరపకాయ గిల్లుకుని, మాగాయ టెంక నంజుకుని తినేది. కూర అంటే ఆనపకాయ తొక్కు పచ్చడి, బీరపొట్టు పచ్చడి, అరటిదూట, దడి మీది బచ్చలి. ముక్కలు మా ఇంట్లో వండుకుంటే తొక్కులు ఆవిడ పట్టుకెళ్లేది. ఆ రోజుల్లో ఒంటరి ఆడవాళ్లకు చద్ది పనికిరాదని, మడి ఉండాలని ఊళ్లో అనేవాళ్లు లేకపోలేదు. చిన్నమామ్మ వాళ్లకు చెప్పే జవాబు ఒకటే: "మడి కట్టుకుంటే ఆకలి ఆగుతుందా?" ఒంటిపూట భోజనం ఆచారమని పెద్దలు చెబుతారు. నేను చూసినంతలో అందులో ఆచారం సగం, లేమి సగం.

ఇలా వ్రాస్తే, అన్నపూర్ణ అని పేరుపడ్డ సీమలో ఈ లేమి ఏమిటని మీరడగవచ్చు. 1832-33లో నందన కరువు వచ్చి కోస్తా జిల్లాలు అల్లాడిపోయాయి. ఆ తరువాతే కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేశాడు. కాలువలు పారిన చోటల్లా వరి పాకింది. మెట్టమీద మాత్రం జొన్నన్నం, చోడంబలి చాలాకాలం నిలిచాయి. డెల్టాలో తెల్లన్నం తినడం మర్యాద అయింది. ఎంత తెల్లగా ఉంటే అంత మర్యాద.

ఈ తెల్లదనానికి మన ప్రాంతం కట్టిన సుంకం సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. బెరిబెరి అని ఒక జబ్బు. కాళ్లు తిమ్మిరెక్కుతాయి, నీరు పడతాయి, నడక తడబడుతుంది, ముదిరితే గుండె ఆగుతుంది. మాల్కంసన్ అనే సైనిక వైద్యుడు 1835లో మద్రాసులో ఈ జబ్బుమీద ఒక గ్రంథం అచ్చువేశాడు. అందులో ప్రముఖంగా వచ్చేది ఉత్తర సర్కారులు, అంటే మన కోస్తాయే. కారణం ఆయనకు అంతుబట్టలేదు. 1890లలో జావాలో ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు, తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం తిన్న కోళ్లకు కాళ్లు పడిపోవడం, తవుడు కలిపితే కోలుకోవడం గమనించాడు. అందుకే ఆయనకు 1929లో నోబెల్ బహుమతి ఇచ్చారు. తరువాత మన దేశంలో నీలగిరి కొండల్లోని కూనూరు ప్రయోగశాలలో మెక్‌కారిసన్, ఆయన తరువాత 1935లో అక్కడికి డైరెక్టరుగా వచ్చిన అయిక్రాయిడ్, మద్రాసు రాజధానిలోని బియ్యం సంగతి పరిశీలించారు. ఆ ప్రయోగశాలే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి నేటి జాతీయ పోషకాహార సంస్థ అయింది.

వాళ్లు తేల్చినదాన్ని గుమాస్తా భాషలో చెబుతాను. బియ్యంలోని బి1 విటమినుకు మూడు చోట్ల కోత పడుతుంది. మరలో పాలిష్ పట్టినప్పుడు ఒకటి, నాలుగు నీళ్లు మార్చి కడిగినప్పుడు రెండు, గంజి వార్చి పారబోసినప్పుడు మూడు. తమిళులు, మలయాళులు ధాన్యాన్ని ఉడకబెట్టి ఆడించిన ఉప్పుడు బియ్యం తింటారు. ఉడికేటప్పుడు ఆ సత్తువ గింజలోకి ఇంకుతుంది గనుక వాళ్లను ఆ జబ్బు అంతగా బాధించలేదు. మనం పచ్చిబియ్యం మనుషులం. చిత్రమేమంటే మన గోదావరి మిల్లులే కేరళకు ఉప్పుడు బియ్యం ఆడించి పంపుతాయి. మనం మాత్రం ముట్టం.

ఇప్పుడు చిన్నమామ్మ కుండను తలుచుకోండి. ఆవిడ తిన్నది దంపుడు బియ్యం. గంజి పారబోయలేదు, కడుగు నీళ్లు పారబోయలేదు, అన్నీ మళ్లీ ఆవిడ కంచంలోకే వచ్చాయి. ఆవిడకు విటమిను అంటే తెలియదు, పారేస్తే పాపమని తెలుసు. ఎనభై ఏడేళ్లు బ్రతికింది. చివరి ఏడాది వరకూ ఆవిడ ఏటిగట్టు ఎక్కి దిగగలిగేది.

ఇక మగవాళ్ల సంగతి వేరు. ఒంటరి మగవాడు వండుకోవడం పూర్వం మనవైపు అరుదు. చదువుకునే పేద కుర్రాడైతే వారాలు చెప్పుకునేవాడు: సోమవారం ఒక ఇల్లు, మంగళవారం ఒక ఇల్లు. ఉద్యోగస్తుడో, కోర్టుపనిమీద వచ్చినవాడో అయితే పూటకూళ్ల ఇంటికి పోయేవాడు. గురజాడ వారి కన్యాశుల్కంలో పూటకూళ్లమ్మను చూసి మనం నవ్వుకుంటాం గాని, ఒక్క పొయ్యిమీద పదిమందికి వండి, తన పొట్టా పోసుకుని పిల్లలనూ చదివించుకున్న ఆడవాళ్ల జీవనోపాధి అది. టంగుటూరి ప్రకాశం పంతులుగారి తల్లి భర్త పోయాక ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపే పిల్లలను పెంచింది. ఆ కుర్రవాడే మాస్టారి వెంట రాజమండ్రి వచ్చి చదివి, ఇక్కడే ప్లీడరై, మునిసిపల్ చైర్మనై, ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యాడు. చేతిలో కానీ లేనివాడికి లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారి ఇల్లు ఉండేది. 1909లో ఆమె కన్నుమూసేదాకా ఆ దారిన ఏ వేళకు ఎవరు వచ్చినా అన్నం పెట్టింది. గన్నవరం దగ్గర వైనతేయ మీది కొత్త అక్విడక్టుకు ఆమె పేరు పెట్టారు. 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ ఆమె పేరే పెట్టారు.

నా తరానికి వచ్చేసరికి వారాలు పోయాయి, పూటకూళ్ల ఇళ్లు మెస్సులయ్యాయి. నేను 1972లో ఎల్.డి.సి.గా రాజమండ్రిలో చేరాను. జీతం చేతికి రెండు వందల లోపు. ఇంటికి కొంత పంపాలి. మెస్సుకు కడితే మిగిలినదాంట్లో సగం పోతుంది. ఆర్యాపురంలో ఒక పెంకుటింటి పంచన గది తీసుకుని స్వయంపాకం మొదలుపెట్టాను. గుండిగ ఒకటి, సత్తు గిన్నెలు రెండు, అట్లకాడ ఒకటి, కుంపటి ఒకటి.

బొగ్గులు పిరమయ్యాక పొట్టుపొయ్యికి మారాను. గోదావరి మీద తెప్పలు కట్టి దింపిన కలపకు రాజమండ్రి పెద్ద బజారు గదా, కోతమిల్లుల్లో రంపపు పొట్టు చవగ్గా దొరికేది. డబ్బా అడుగున పక్కగా ఒక కన్నం. అందులోంచి ఒక కర్ర అడ్డంగా దూర్చి, మధ్యలో ఒక సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు కూరి బాగా దిమ్మిస చేసి, సీసానూ కర్రనూ మెల్లగా లాగేయాలి. కింద నుంచి అంటిస్తే రెండు గంటలు నిదానంగా మండుతుంది. లాగడంలో చేయి వణికితే మొత్తం కూలిపోతుంది, ఆ పూటకు అటుకులే గతి. పూటకు రెండు గిద్దల బియ్యం. ఎసరు మరిగి అన్నం సగం ఉడకగానే దింపి, గడ్డి పరిచిన తట్టలో పెట్టి గోనె కప్పి ఆఫీసుకు పోయేవాణ్ణి. మధ్యాహ్నం వచ్చేసరికి పువ్వులా ఉడికి ఉండేది. ఆదివారం కుంపటి మీద దిబ్బరొట్టె వేసి, మూతమీద నిప్పులు పెట్టి కాలిస్తే రెండు పూటలు గడిచేవి.

బియ్యం మాట కూడా చెప్పాలి. 1967లో ఆచంటకు చెందిన నెక్కంటి సుబ్బారావుగారు ఐ.ఆర్.8 వరిని పెద్దయెత్తున పండించి పేరు తెచ్చుకున్న తరువాత మా కాలేజీ హాస్టళ్లలో అంతా అదే అన్నం. వేడిగా ఉంటే ఫరవాలేదు, చల్లారితే రాళ్లే. దానితో చద్దన్నం తినడం కుదిరేది కాదు. తరవాణి కుండలు మూలపడడానికి నాగరికత ఎంత కారణమో ఈ గింజ కూడా అంత కారణమని నా అభిప్రాయం. 1982లో మార్టేరు పరిశోధనా కేంద్రం వారు స్వర్ణ రకం విడుదల చేశాక గాని మన నోటికి మెత్తటి అన్నం చవగ్గా అందలేదు.

నేను ఉద్యోగంలో చేరిన ఆరు నెలలకే జై ఆంధ్ర ఉద్యమం వచ్చింది. ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు రావడం, డిసెంబరులో మన ఎన్.జి.ఓ.లు సమ్మెకు దిగడం, 1973 మార్చి దాకా నూరు రోజులు పైబడి అది సాగడం మీలో పెద్దలకు గుర్తే. జీతాలు లేవు. రైళ్లు, బస్సులు సరిగా లేవు. మా వీధిలో గదులు తీసుకున్న నలుగురు గుమాస్తాలం ఒక్క గుండిగ దగ్గర చేరాం. ఒకడు వాళ్ల ఊరినుంచి పడవమీదా సైకిలుమీదా బియ్యం తెచ్చాడు. కిరాణా కొట్టతను ఖాతా తెరిచాడు. లెక్కలు వ్రాయడం నా వంతు. ఆ పుస్తకం ఇప్పటికీ ఉంది. మొత్తం సమ్మె కాలంలో కందిపప్పు కొన్నది రెండేసార్లు. తోటకూర కట్టలు, చింతపండు, ఉప్పు, మళ్లీ తోటకూర కట్టలు.

మేము చాలా తెలివైన పని ఒకటి చేశామనుకున్నాం. ఇంటావిడకు గేదె ఉండేది. రోజూ గంజి మొత్తం ఆ గేదెకు ఇచ్చి, బదులు ఒక చెంబుడు మజ్జిగ తెచ్చుకునేవాళ్లం. సంక్రాంతి వెళ్లిన నెలకు మాలో ఒకడికి కాళ్లు నీరుపట్టి చెప్పులు పట్టలేదు. డాక్టరుకు చూపించడానికి డబ్బుల్లేవు. కబురు విని వాళ్లమ్మగారు బండిమీద వచ్చింది. రెండు రోజులు మా వంట చూసింది. మూడో రోజు గంజి గిన్నె పట్టుకుని గుమ్మం దాటబోతున్న నన్ను ఆపి, "చిక్కటి గంజి గేదెకు పోసి, నీళ్ల మజ్జిగ మీరు తాగుతున్నారా? మీకు లెక్కలు వ్రాసే ఉద్యోగం ఎవడిచ్చాడు నాయనా?" అంది. ఆ పూటనుంచి గంజిలోనే ఉప్పు, ఉల్లిపాయ వేసుకుని తాగాం. ఆవిడ తెచ్చిన తవుడు బెల్లంతో కలిపి ఉండలు చేసి పెట్టింది. మూడు వారాలకు అతను మళ్లీ చెప్పులు తొడుక్కున్నాడు. అది బెరిబెరి అని నేననను. కాని కూనూరు సంగతి చదివిననాడు నాకు మొదట గుర్తుకొచ్చింది ఆ చెప్పులే.

తరువాతి కథ మీకందరికీ తెలిసినదే. కిరోసిన్ వత్తుల స్టవ్వు, పంపు స్టవ్వు, గ్యాసు, ప్రెషర్ కుక్కరు. మా పెద్ద గుమాస్తాగారి దగ్గర ఇత్తడి గిన్నెలు ఒకదానిమీద ఒకటి పేర్చి, అడుగున బొగ్గులు వేసే ఆవిరి కుక్కరు ఉండేది. కలకత్తాలో ఇందుమాధవ మల్లిక్ అనే ఆయన 1910లో కనిపెట్టిన ఇక్మిక్ కుక్కరు వంటిదే అది. అన్నం, పప్పు, కూర ఒకేసారి అయ్యేవి. ఆయన దానిని క్యాంపులకు కూడా మోయించేవారు, టి.ఎ. బిల్లులో దాని కూలి చూపడానికి వీల్లేదని విచారించేవారు. వీటన్నిటిలో ప్రెషర్ కుక్కరు చేసిన ఒక మేలు ఎవరూ చెప్పరు. అందులో గంజి వార్చడం ఉండదు.

పెళ్లయ్యాక నలభై ఏళ్లు నేను పొయ్యి ముఖం చూడలేదు. ఆవిడ పోయాక చూశాను. మొదట్లో ఉత్సాహంగానే ఉంది. క్రమంగా కూర రెండు రోజులకొకసారి అయింది. తరువాత పొడి, ఊరగాయ. ఒక్కడికి అర లీటరు పాలెందుకని ప్యాకెట్టు మాన్పించాను. పెరుగు మానేసి, పక్కింటివారిచ్చిన మజ్జిగతో సరిపెట్టాను. నెలాఖరుకు పింఛను మిగలడం చూసి, చిన్నమామ్మ మనవణ్ణి అనిపించుకున్నానని సంతోషించాను కూడా. రెండేళ్లకు అరికాళ్లు తిమ్మిర్లు, చీకట్లో నడిస్తే తూలు. డాక్టరుగారు పరీక్షలన్నీ చూసి అడిగిన మొదటి ప్రశ్న, "మాస్టారూ, మీరు ఏం తింటున్నారు?" నాకు తగ్గినది బి1 కాదు, బి12. చాలాకాలంగా వేసుకుంటున్న షుగరు మాత్ర ఒక కారణం, గుడ్డు కూడా ముట్టని మా ఇంటి అలవాటు ఒకటి, నేను మిగిల్చిన ఆ పాల ప్యాకెట్టు మరొకటి. శాకాహారికి ఆ విటమిను పాలూ పెరుగుల్లోనే దొరుకుతుందట. సూదిమందులు పడ్డాయి. వాటికీ పరీక్షలకూ అయిన ఖర్చు, రెండేళ్ల పాల ఖర్చు పక్కపక్కన వేసి చూశాను. అంకెలు ఇక్కడ వ్రాయను, సిగ్గుగా ఉంది.

చిన్నమామ్మ పారేయలేదు. నేను తినడం మానేశాను. ఈ రెండూ పొదుపు ఖాతాలో ఒకే పద్దు కింద వ్రాసుకున్నాను.

ఇప్పుడు నా పద్ధతి ఇది. పొద్దున్న పాల ప్యాకెట్టు వస్తుంది, సగం తోడు. కుక్కరులో అడుగున పప్పు, పైన అన్నం, ఆ పైన చిన్న గిన్నెలో అరటికాయో దొండకాయో, ఒక్క మంటమీద మూడూ. సిలిండరు మూడు నెలలు వస్తుంది. కందగడ్డ ఒక్కడికి ఎక్కువ, అర్ధకిలో కంటె తక్కువ ముక్క బజారులో కోయరు. అందుకని గురువారం గురువారం కంద బచ్చలి వండినప్పుడు రెండు వీధుల అవతల ఉన్న మన సభ్యులొకరికి ఫోను చేస్తాను. ఆయన చారు, వడియాలు తెస్తారు. వారాలు చెప్పుకోవడం ఇలా తిరిగివచ్చింది. మిగతా రోజుల్లో ఆయన అన్న క్యాంటీనుకు పోతారు. 2018లో పెట్టి, 2019లో ఆగిపోయి, 2024 ఆగస్టులో మళ్లీ తెరిచిన ఆ క్యాంటీనులో పూట అయిదు రూపాయలు. పేరు వ్రాయవద్దని కోరారు. పింఛను తీసుకునేవాడు ఆ వరుసలో నిలబడడం బాగుండదని ఆయన సంకోచం. వేడిగా, వేళకు ఉంటుందని మాత్రం ఒప్పుకున్నారు.

మా పనమ్మాయి మొన్న తన రేషన్ బియ్యం మా వరండాలో చాటలో పోసి ఏరుతూ కూర్చుంది. రాళ్లు కాదు, కాస్త రంగు తేడాగా ఉన్న గింజలు వేరు చేస్తోంది. ప్లాస్టిక్ బియ్యం కలుపుతున్నారట. వంద గింజలకు ఒకటి చొప్పున కలిపే బలవర్ధక గింజలవని, ఇనుము, ఫోలిక్ ఆసిడ్, నాకు సూదితో ఎక్కించిన ఆ బి12 అందులోనే ఉన్నాయని వివరంగా చెప్పాను. ఐక్‌మన్ కోళ్ల కథ కూడా చెప్పాను. శ్రద్ధగా విన్నది.

"మరి ఏరినవి ఏం చేస్తున్నావే?" అని అడిగాను.

"కోళ్లకేస్తున్నానండి. ఆయ్, కోళ్లు మాత్రం మా బాగున్నాయండి," అంది.